ఎనిమిది మార్కుల మనిషి

కారుకి ఆయిల్ మార్పించుకుని ఇంటికి చేరేలోపే మీ ఫోన్ టింగుమంటుంది. ‘మా సర్వీస్ ఎలా ఉంది? పదికి ఎన్ని మార్కులు వేస్తారు?’ మీలో చాలామంది దాన్ని చదవకుండానే తీసేస్తారని నాకు తెలుసు. మా అబ్బాయీ అంతే. వేసేవాళ్ళలో కూడా సగంమంది ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు ఏదో ఒక అంకె నొక్కి పడేస్తారు. ఆ అంకె ఎక్కడికి వెళ్తుందో, అక్కడ ఎవరి కంచంలో పడుతుందో దగ్గర నుంచి చూసిన మనిషిని నేను. రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు చెప్పినా నన్ను పీకేసేవాళ్ళు లేరు.

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర ఒక కార్ల డీలర్‌షిప్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ముందువైపు కొత్త కార్లు మెరిసే అద్దాల హాలుతో నాకు సంబంధం లేదు. నాది వెనకవైపు, రిపేర్లు చేసే సర్వీస్ విభాగం. మొదట క్యాష్ కౌంటర్‌లో కూర్చోబెట్టారు, తర్వాత ఫోన్ దగ్గరికి మార్చారు. సర్వేలో తక్కువ మార్కులు వేసిన కస్టమర్లకి ఫోన్ చేసి ‘మా వల్ల ఏం లోపం జరిగిందండీ’ అని అడగడం నా పని. మా ఆయన దానికి ‘తిట్లు తినే ఉద్యోగం’ అని పేరు పెట్టారు. పేరు బాగానే అతికింది కానీ, ఆ తిట్లలో కారు గురించినవి తక్కువ. ‘ఒకటి నొక్కు, రెండు నొక్కు అని మీ మెషిన్ నన్ను తిప్పి తిప్పి చంపింది.’ ‘నేను చెప్పేది ఎవరూ చివరిదాకా వినలేదు.’ ‘ఆ పిల్లవాడు నా మొహం చూడకుండా కంప్యూటర్‌తో మాట్లాడాడు.’ ఒకావిడ నన్ను చాలాసేపు కడిగేసి, చివర్లో ‘కారు మాత్రం బాగానే నడుస్తోందిలే’ అని పెట్టేసింది.

ఎక్కడికి వెళ్ళినా ఈ రోజుల్లో సర్వీస్ నాసిరకమైపోయిందని అందరూ అంటారు. నేను విన్నంతలో, చేసే పని మరీ అంత పాడవలేదు. మన బాధ ఒక మనిషి విన్నాడన్న నమ్మకం పోయింది. అది పోయాక పని ఎంత బాగా చేసినా ఎవరి మనసుకీ ఎక్కదు.

ఆ నమ్మకం మా దగ్గర ఒక మనిషి దగ్గర దొరికేది. ఆయన సర్వీస్ అడ్వైజర్. కారు తెచ్చినవాళ్ళని పలకరించి, ఏం బాధో విని, మెకానిక్‌కి చెప్పి, చేసిన పని మళ్ళీ వాళ్ళకి వివరించే ఉద్యోగం అది. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, నాకంటే కాస్త పెద్ద. వయసులో ఉండగా మెకానిక్‌గా చేసి, మోకాళ్ళు అరిగాక ఇటు వచ్చాడు. మిగతా అడ్వైజర్లు కంపెనీ టీషర్టుల్లో తిరుగుతుంటే ఈయన ఒక్కడే ఇస్త్రీ చొక్కా, టై. ఎందుకింత ముస్తాబు అని ఒకసారి ఆటపట్టించాను. “మా నాన్న బతుకంతా గ్రీజు బట్టల్లో గడిచింది. నేను టై కట్టుకుని పనికి వెళ్తే చూడాలనుకున్నాడు. చూడకుండానే పోయాడు,” అన్నాడు. మళ్ళీ ఆ టై గురించి నేను వేళాకోళం చేయలేదు.

ఆయన పద్ధతి వేరు. కస్టమర్‌ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అరిగిన బ్రేక్ ప్యాడ్ చేతిలో పెట్టి, వేలితో తడిమి చూడమనేవాడు. అరగకపోతే, “ఇది ఇంకో చలికాలం నడుస్తుంది, ఇప్పుడే మార్చకండి,” అని పంపేసేవాడు. కొత్త కారుకి పూజ చేయించి తెచ్చిన మనవాళ్ళ బానెట్ మీద కుంకుమ బొట్టు కనిపిస్తే, కార్లు కడిగేవాళ్ళ దగ్గరికి తానే నడిచి వెళ్ళి, అది మరక కాదు, ముట్టుకోవద్దని చెప్పి వచ్చేవాడు. ఆ సంగతి ఆయనకి ఎవరు నేర్పారో నాకు తెలియదు, నేను మాత్రం కాదు.

మనవాళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఒక డెంటిస్టు బాగున్నాడని తెలిస్తే కాలనీ మొత్తం అక్కడే నోరు తెరుస్తుంది. చూస్తుండగానే ఆయన దగ్గరికొచ్చేవాళ్ళలో సగానికి సగం తెలుగువాళ్ళయ్యారు. వేరే అడ్వైజర్ ఖాళీగా ఉన్నా, “పర్లేదు, ఆ టై అంకుల్ కోసం వెయిట్ చేస్తాం,” అని సోఫాలో కూర్చునేవారు.

సరిగ్గా అక్కడే ఆయన కొంప మునగడం మొదలైంది.

ఆ సర్వే పంపేది మా డీలర్‌షిప్ కాదు, కార్లు తయారుచేసే కంపెనీ. వాళ్ళ లెక్కలో పది వస్తేనే పాస్. తొమ్మిది వచ్చినా, సున్నా వచ్చినా ఒకటే, ఫెయిల్. మనం చదువుకున్న చోటేమో అరవై వస్తే ఫస్ట్ క్లాసు. డెబ్భై అయిదు దాటితే చుట్టుపక్కల ఇళ్ళకి స్వీట్లు. వ్యాసం ఎంత బాగా రాసినా పదికి ఏడు మించి వేసిన మాస్టారు లేరు, వేస్తే పిల్లలు చెడిపోతారని ఆయన నమ్మకం. అలా పెరిగినవాళ్ళు ఎవరినైనా నిండుమనసుతో మెచ్చుకోవాలంటే ఎనిమిది వేస్తారు. మా అడ్వైజర్ని ఎంతమంది తెలుగువాళ్ళు ప్రేమించారో అన్ని ఎనిమిదులు వచ్చి పడ్డాయి.

ఎనిమిది తక్కువ మార్కు కాబట్టి వాళ్ళందరికీ నేనే ఫోన్ చేయాలి. అందులో ఒకాయన కథకి ముఖ్యం. ఆంధ్రా నుంచి చాలా కాలం కిందటే వచ్చి, ఒక ఆటో కంపెనీ ల్యాబ్‌లో బ్రేకులు పరీక్షించి రిటైరైన పెద్దాయన. అందరూ ఇంజనీరు గారనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను.

“ఎనిమిది వేశారండీ. మావైపు నుంచి ఏమైనా లోటు జరిగిందా?” అని అడిగాను.

“లోటేంటమ్మా? ఎనిమిది వేశాను కదా. చాలా బాగా చేశాడు.”

“మరి ఆ మిగతా రెండూ…”

“పదికి పది ఎవరికి వేస్తామమ్మా? నా సర్వీస్ అంతా ల్యాబ్‌లో బ్రేకులు టెస్ట్ చేశాను, ఏ బ్రేకుకీ పది ఇవ్వలేదు. ఇంప్రూవ్‌మెంట్‌కి స్కోప్ ఉంచాలి. నా లెక్కలో ఎనిమిది హయ్యెస్ట్. మా అమ్మాయి సాంబారు ఇంకా ఆరు దాటలేదు.”

నవ్వి పెట్టేశాను. అంతకంటే ఏమీ చేయడానికి లేదు. ఇన్ని మార్కులు వేయండి అని కస్టమర్‌కి చెప్పడం కంపెనీ నిషేధించింది. అలా చెప్పినట్టు తేలితే ఆ సర్వేలన్నీ రద్దు చేస్తారు, చెప్పినవాళ్ళ ఉద్యోగం ఊడగొడతారు. ఎందుకు తక్కువ వేశారని అడగొచ్చు కానీ, ఎనిమిదంటే తక్కువని చెప్పకూడదు.

మేం లంచ్ తినే గదిలో మార్కుల బోర్డు మీద మా అడ్వైజర్ పేరు ప్రతిసారీ అట్టడుగున ఉండేది. పైన ఉండేవాడు ఒక కొత్త అడ్వైజర్. మాటకి రెండుసార్లు కస్టమర్ పేరు పలికేవాడు, చక్కగా నవ్వేవాడు, మార్చనక్కర్లేని ఫిల్టర్లు మార్పించేవాడు. అతని మీద నాకు కోపం లేదు, వాళ్ళు నేర్పిందే చేశాడు.

ఒకరోజు మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు, నిద్ర చాలని మనిషి. “వచ్చే రిపోర్టులో కూడా ఆయన అడుగునే ఉంటే నేను ఉంచలేను. ఇండియన్ కస్టమర్లకి ఆయన మీద ఏం కోపమో నువ్వే కనుక్కుని చెప్పాలి,” అన్నాడు.

కోపమా? నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫస్ట్ క్లాసు నుంచి సాంబారు దాకా అన్నీ వివరించాను. ఓపిగ్గా విన్నాడు. “నువ్వు చెప్పేది నమ్ముతున్నాను. కానీ పైకి వెళ్ళేది అంకె ఒక్కటే. దాని పక్కన ఇదంతా రాయడానికి చోటు లేదు,” అన్నాడు.

మా అడ్వైజర్ ఉద్యోగం పోతే పోయేది టై ఒక్కటే కాదు. ఆయన భార్యకి నరాల జబ్బు, నెలనెలా ఆస్పత్రిలో మందు ఎక్కించాలి. ఆవిడ ఆయనకంటే బాగా చిన్నది, పెద్దవయసు వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, మెడికేర్, వచ్చే వయసుకి ఇంకా చాలా దూరం. ఆ మందు అంతా ఈ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. మోకాళ్ళు పట్టుకుపోతున్నా ఆయన రిటైర్ కాకపోవడానికి కారణం అదే.

లంచ్‌లో ఆయన ఎదురుగా కూర్చుని అడిగేశాను. “మావాళ్ళకి నువ్వే ఒక మాట చెప్పకూడదా? మిగతా అడ్వైజర్లందరూ పది వేయమని రహస్యంగా అడుగుతూనే ఉన్నారు. బోర్డు మీద పైన ఉండే ఆ కొత్తవాడు కూడా.”

ఆయన సాండ్‌విచ్ కింద పెట్టాడు. “నేను అడిగితే వేస్తారు. కానీ ఆ తర్వాత ఈ బ్రేకులు మార్చనక్కర్లేదని నేను చెబితే, పది కోసం చెబుతున్నాననుకుంటారు. అప్పుడు నా దగ్గర ఇంకేం మిగులుతుంది?”

సరే, ఆయన అడగడు. మరి నేను? ఆ ఆదివారం గుడి క్యాంటీన్‌లో ఇంజనీరు గారు పులిహోర ప్లేటుతో నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. కారు గురించి, ఆ అడ్వైజర్ గురించి ఆయనే మొదలుపెట్టారు. నేను ఉన్నదంతా చెప్పేశాను. రూల్ తెలిసే చెప్పాను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ చెబుతాను.

ఆయన చెంచా ఆగిపోయింది. “ఎనిమిదంటే ఫెయిలా?”

“అవునండీ.”

“అయితే ఇన్నాళ్ళూ మేమంతా కలిసి అతన్ని…” అని ఆపేశారు. పులిహోర అలాగే వదిలేసి లేచారు. ఆ పెద్దాయన మొహం చూసి నాకు చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది, ఒక్క నిమిషం.

ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. ఇంటికి వెళ్ళగానే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు. ఏం రాయాలో తోచనివాళ్ళ కోసం ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా తయారుచేసి ఇచ్చారు. తెలుగులో చెప్పాలంటే, ‘నా కారుకి ఏది అవసరం లేదో చెప్పే మనిషి ఇతను, అందుకే ఇతన్ని నమ్ముతాను.’ ఎంత మంచి వాక్యమో. కానీ మనవాళ్ళు మంచిగా రాసింది చూస్తే ఊరుకుంటారా? అందరూ అదే కాపీ చేసి, పది వేసి, సర్వేలో అతికించారు. ఆ వారమంతా పదులే పదులు, కింద అదే వాక్యం. ఒకావిడైతే మెసేజ్ మొత్తం, పైన ఉన్న ‘డియర్ ఫ్రెండ్స్, అందరూ తప్పక పది వేయండి, ఫార్వర్డ్ చేయండి’తో సహా అతికించేసింది. పాపం, ఆవిడ మనసులో ఉన్నదంతా మంచే.

అన్ని సర్వేల కిందా ఒకే వాక్యం చూసి కంపెనీకి అనుమానం వచ్చిందని, విచారణకి అక్కడి నుంచి ఒకావిడ వస్తోందని, అడ్వైజర్‌తో పాటు నన్నూ కూర్చోమన్నారని మేనేజర్ చెప్పాడు. ముందురోజు సాయంత్రం ఇంజనీరు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. “నేనూ వస్తానమ్మా,” అన్నారు.

వచ్చారు. నేను వెళ్ళేసరికే కోటు వేసుకుని కస్టమర్ లాంజ్‌లో, టీవీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు.

లోపల ఆ కంపెనీ ఆవిడ ఆ సర్వేలు ఒక్కొక్కటీ చదివింది. అదే వాక్యం ఆవిడ గొంతులో మళ్ళీ మళ్ళీ వింటుంటే, మా అడ్వైజర్ తల వంచుకుని బల్ల వైపే చూశాడు. ఆయనకి అది కొత్త. తన గురించి మనవాళ్ళు అలా అనుకుంటున్నారని ఆయన వినడం అదే మొదటిసారి.

“మీరు కస్టమర్లని మార్కులు అడిగారా?” అంది ఆవిడ.

“లేదు,” అన్నాడు.

“ఆయన అడగలేదు. నేను ఒకరికి చెప్పాను. ఆ ఒకరు బయట కూర్చుని ఉన్నారు,” అన్నాను. మేనేజర్ కళ్ళు మూసుకున్నాడు.

ఇంజనీరు గారిని లోపలికి పిలిచారు. కూర్చోమన్నా కూర్చోలేదు. మెసేజ్ రాసింది తానేనని, అతనికి ఏమీ తెలియదని ఆయన పాతకాలపు ఇంగ్లీషులో చెప్పారు.

“ఇతను మిమ్మల్ని ఎప్పుడైనా పది అడిగాడా?”

“లేదు మేడమ్. అడిగి ఉంటే ఎనిమిది కూడా వేసేవాణ్ణి కాదు.”

గదిలో గాలి కాస్త తేలికైనట్టనిపించింది. ఆవిడ కూడా మెత్తబడింది. పెన్ను పక్కన పెట్టి, “వాట్సాప్ సంగతి వదిలేయండి. మీ సొంత అభిప్రాయం చెప్పండి. ఈయనకి మీరు నిజంగా ఎంత వేస్తారు?” అంది.

ఒక్క మాట. పది అంటే చాలు. అనండి, అనండి అని లోపల నా ప్రాణం కొట్టుకుంది. ఆయన అడ్వైజర్ వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. పెదవి కదిలింది, ఆగింది. బ్రేకులు పరీక్షించిన ఆ మనిషి తన కొలబద్దని ఆ గదిలో వంచలేకపోయారు.

“ఎనిమిది,” అన్నారు.

ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుంది.

ఆ పదులన్నీ రద్దయ్యాయి. అడ్వైజర్ తప్పు లేదని తేలింది కాబట్టి ఉద్యోగం పూర్తిగా తీసేయలేదు. మేనేజర్ పైవాళ్ళతో పోరాడి ఆయన్ని పార్ట్స్ కౌంటర్‌కి మార్పించాడు. జీతం తగ్గింది, ఇన్సూరెన్స్ ఉంది. దాచకుండా ఒప్పుకున్నానని నన్ను తీసేయకుండా హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టారు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదామన్నారు మా ఆయన.

పార్ట్స్ కౌంటర్ అంటే వెనక మూల, కిటికీ లేని చోటు. ఫిల్టర్లూ బల్బులూ వైపర్లూ అమ్మే బల్ల. అక్కడ బూడిద రంగు కంపెనీ చొక్కా వేసుకోవాలి. మొదటిరోజు ఆయన ఆ చొక్కా మీద టై కట్టుకుని వచ్చాడు. ఇక్కడ వద్దని మేనేజర్ ఇబ్బంది పడుతూ చెప్పాడు. ఆయన టై విప్పి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఇంజనీరు గారి మీద మండిపోయాను కూడా. ఒక మనిషి బతుకు ముందు ఆ రెండు మార్కులు ఎంత అని, మనసులో ఆయన్ని ఎన్ని మాటలు అన్నానో ఆయనకి తెలియదు.

తెలుగువాళ్ళు ఆయన్ని వదల్లేదు. కార్లు వేరే అడ్వైజర్‌కి అప్పజెప్పి, వెనక్కి నడిచి వెళ్ళి ఒక బల్బు కొని, “వాళ్ళు బ్రేక్ రోటార్లు మార్చాలంటున్నారు, నిజమేనా?” అని గుసగుసగా అడిగేవారు. ఇంజనీరు గారు మాత్రం రాలేదు. గుడిలో కనిపించినా నన్ను తప్పించుకుని వెళ్ళేవారు.

మొదటి మంచు పడిన రోజు వచ్చారు. అదే కోటు. నా బల్ల దగ్గర ఆగి, చుట్టూ చూసి నెమ్మదిగా అడిగారు.

“పార్ట్స్ కౌంటర్‌కి సర్వే పంపరు కదమ్మా?”

“పంపరండీ. అక్కడ మార్కులు లేవు.”

“పక్కా?”

“పక్కా.”

లోపలికి వెళ్ళారు. నేను ఆగలేక ఏదో కాగితం పట్టుకుని వెనకే వెళ్ళాను. ఇంజనీరు గారు వైపర్ల జత ఒకటి తీసి బల్ల మీద పెట్టారు, కార్డు తీశారు. తర్వాత నిటారుగా నిలబడి ఇంగ్లీషులో అన్నారు.

“నా జన్మలో ఎవరికీ ఎనిమిదికి మించి వేయలేదు. మా ప్రొఫెసర్లకీ వేయలేదు. మీకు ఎనిమిది. ఆ రోజు అక్కడ చెప్పాను, కానీ మీకు చెప్పలేదు. అది మీకు చెప్పాల్సిన మాట.”

అడ్వైజర్ కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. “మీ ఎనిమిది అంటే ఏంటో నాకు తెలుసు సర్. మా ఆవిడకి కూడా చెప్పాను,” అన్నాడు. వాళ్ళిద్దరూ చేతులు కలుపుకున్నారు. ఏ కాలేజీలో పట్టాలు పంచేటప్పుడూ నేను అంత గౌరవం చూడలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అడ్వైజర్ ఆ వైపర్ల వైపు చూసి, “కారు ఎక్కడ ఉంది?” అని అడిగాడు. ఎదురుగానే ఉందన్నారు. మోకాళ్ళు పట్టుకుని మంచులోకి నడిచి వెళ్ళి, అద్దం మీది పాత వైపర్లు పైకెత్తి, రబ్బరు వెంట వేలు పెట్టి చూసి వచ్చాడు. బల్ల మీది జతని తీసి మళ్ళీ హుక్కుకి తగిలించాడు. కార్డు వెనక్కి ఇచ్చేశాడు.

ఇంజనీరు గారు ఖాళీ చేతులతో నా బల్ల ముందు నుంచి వెళ్తూ ఆగారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“పాతవి ఇంకో చలికాలం వస్తాయట. కొననివ్వలేదు,” అన్నారు. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

“తొమ్మిది వేయాల్సిందమ్మా.”